చైనా ఆర్థిక చట్టాల మీద రీసెర్చ్ ఎలా చేయాలి: ఒక స్థలం వేలం పట్టుకుని వెళ్దాం

చైనా ఆర్థిక విధానం మీద ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషనో, ఎకనామిక్స్ ప్రాజెక్టో, పీహెచ్‌డీ ప్రపోజలో రాయాలనుకునేవాళ్లు చాలామంది ముందు చేసే పని ఒకటే. సంబంధిత చట్టం ఇంగ్లీషు అనువాదం డౌన్‌లోడ్ చేసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతారు. మన దేశపు చట్టాలకు ఆ పద్ధతి సరిపోతుంది. పార్లమెంటు చట్టం చేస్తుంది, ప్రభుత్వం రూల్స్ రాస్తుంది, కోర్టు అర్థం చెబుతుంది. చైనా ఆర్థిక సంస్కరణల్లో ఆ వరుస చాలాసార్లు తిరగబడింది. ముందు ఏదో ఒక నగరంలో పని జరిగిపోతుంది. దానికి పైనుంచి పార్టీ ఆమోదం ఉంటుంది, లేదా కనీసం చూసీచూడనట్టు వదిలేస్తారు. తర్వాత తాత్కాలిక నియమాలు వస్తాయి. చట్టం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. అందుకే చట్టం చదవడాన్ని కొంచెం వెనక్కి జరపండి. మానేయమనడం లేదు, దానికంటే ముందు చేయాల్సిన పనులున్నాయి.

చైనీస్ రాదన్న టెన్షన్ ఇప్పుడే వద్దు. ఎక్కడిదాకా అది లేకుండా వెళ్లొచ్చో, ఎక్కడ ఆగిపోతామో దారిలో చెబుతాను.

1. ప్రశ్నను చిన్నది చేయండి

"చైనాలో చట్టబద్ధ పాలన, ఆర్థికాభివృద్ధి" అన్నది పరిశోధన ప్రశ్న కాదు, సెమినార్ బ్యానర్. ఒక హక్కు, ఒక సంస్థ, ఒక కాలం: ఈ మూడూ వాక్యంలో కనిపించేదాకా ప్రశ్నను కోస్తూ పోండి. ఈ వ్యాసానికి నేను తీసుకున్న ప్రశ్న ఇది: చైనా నగరంలో ఫ్లాట్ కొన్న కుటుంబానికి ఆ బిల్డింగ్ కింద ఉన్న స్థలం మీద హక్కు ఎన్నాళ్లు ఉంటుంది, గడువు తీరాక ఏమవుతుంది?

చూడ్డానికి చిన్నగానే ఉంది. కానీ రాజ్యాంగం, స్థానిక ప్రభుత్వాల ఖజానా, రియల్ ఎస్టేట్, పార్టీ సిద్ధాంతం అన్నీ ఇందులోకి వచ్చి పడతాయి. విదేశీ పెట్టుబడుల మీద ఆసక్తి ఉన్నవాళ్లు నెగటివ్ లిస్ట్ పట్టుకోవచ్చు, అంటే విదేశీ పెట్టుబడికి నిషేధం లేదా పరిమితి ఉన్న రంగాల జాబితా. 2013లో షాంఘై ఫ్రీ ట్రేడ్ జోన్‌లో 190 అంశాలతో మొదలైంది, 2024 నాటి జాతీయ జాబితాలో 29 అంశాలున్నాయి. అయితే 190 నుంచి 29 అని గ్రాఫ్ గీసేముందు రెండు జాబితాల్లో అంశాలను ఎలా విడగొట్టారో చూడండి. ఒకే రంగాన్ని ఒక చోట నాలుగు వరుసలుగా, ఇంకో చోట ఒకే వరుసగా రాసి ఉండొచ్చు.

2. చట్టం కంటే ముందు కాలక్రమం రాసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సిన పని ఇదే. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి ఐదు గడులు పెట్టుకోండి: తేదీ, ఏం జరిగింది లేదా ఏ పత్రం వచ్చింది, ఎవరు చేశారు, అప్పటికి అమల్లో ఉన్న చట్టం ఏమంటోంది, తర్వాత ఏం మారింది. నాలుగో గడి చాలామంది పెట్టరు. అసలు కథంతా అందులోనే ఉంటుంది.

మన ఉదాహరణనే నింపి చూద్దాం. 1982 రాజ్యాంగం ఆర్టికల్ 10 ప్రకారం నగరాల్లోని భూమి ప్రభుత్వానిది. అదే ఆర్టికల్‌లో ఇంకో మాట కూడా ఉండేది: ఏ సంస్థా, ఏ వ్యక్తీ భూమిని ఆక్రమించకూడదు, కొనకూడదు, అమ్మకూడదు, అద్దెకు ఇవ్వకూడదు. ఆ నిషేధం అలా ఉండగానే 1987 డిసెంబర్ 1న షెన్‌జెన్ నగరం 8,588 చదరపు మీటర్ల స్థలాన్ని బహిరంగ వేలంలో పెట్టింది. అమ్మింది భూమిని కాదు, 50 ఏళ్లపాటు వాడుకునే హక్కును. పాట 52.5 లక్షల యువాన్ల దగ్గర ఆగింది. దక్కించుకున్నది షెన్‌జెన్‌లోని ఒక ప్రభుత్వ రియల్ ఎస్టేట్ కంపెనీ. పక్కనే ఉన్న హాంకాంగ్‌లో భూమిని లీజు మీద ఇచ్చే పద్ధతి ఎప్పట్నుంచో నడుస్తోంది. షెన్‌జెన్ అధికారులు దాన్ని చూసే నేర్చుకున్నారు.

ఇప్పుడు నాలుగో గడిలో ఏం రాస్తారు? "రాజ్యాంగం ఒప్పుకోదు" అనే రాయాలి. ఐదో గడిలో: 1988 ఏప్రిల్‌లో జాతీయ ప్రజా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, రాజ్యాంగాన్ని సవరించింది. "అద్దెకు ఇవ్వడం" అన్న మాట తీసేసి, భూమిని వాడుకునే హక్కును చట్టప్రకారం బదిలీ చేయవచ్చని చేర్చింది. వేలం జరిగిన నాలుగు నెలలకు రాజ్యాంగం వెనకాల వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో భూ పరిపాలన చట్టం మారింది. 1990 మేలో స్టేట్ కౌన్సిల్, అంటే కేంద్ర ప్రభుత్వం, తాత్కాలిక నియమాలు ఇచ్చింది. నివాస స్థలాలకు గరిష్ఠంగా 70 ఏళ్లు, పరిశ్రమలకు 50, వాణిజ్యానికి 40 అన్న లెక్క అక్కడిదే. పేరులో తాత్కాలికం అని ఉన్న ఆ నియమాల మీదే మూడు దశాబ్దాల రియల్ ఎస్టేట్ నడిచింది. చైనా పత్రాల్లో "తాత్కాలికం", "ప్రయోగాత్మకం" అని కనబడితే త్వరలో పోతుందిలే అనుకుని పక్కన పెట్టేయకండి.

2007లో ఆస్తి చట్టం వచ్చింది. ఇక్కడ ఆగి ఒక పని చేయండి: ముసాయిదాల చరిత్ర చూడండి. ఈ చట్టం ముసాయిదాను 2005లో ప్రజల ముందు పెడితే 11,543 అభిప్రాయాలు వచ్చాయి. పెకింగ్ యూనివర్సిటీ లా ప్రొఫెసర్ గోంగ్ షియాన్‌థియాన్ అది సోషలిజానికీ రాజ్యాంగానికీ విరుద్ధమంటూ బహిరంగ లేఖ రాశారు. బిల్లు వెనక్కి పడింది, మార్పులు జరిగాయి. చివరికి 2007 మార్చి 16న 2,799 ఓట్లతో గట్టెక్కింది. "అక్కడి పార్లమెంటు రబ్బరు స్టాంపు" అని ఒక్క లైనులో తేల్చేసేవాళ్లకు ఈ రెండేళ్ల గొడవ కనబడదు. ఆఖరి ఓటు దగ్గర స్టాంపే కావచ్చు. అసలు తగువు ముసాయిదా దశలో జరుగుతుంది, మనకు దొరికే ఆధారాలూ అక్కడే ఉంటాయి.

3. ఏ కాగితం ఎంత బరువైనదో తెలుసుకోండి

అన్నిటికీ పైన రాజ్యాంగం. దాని కింద జాతీయ ప్రజా కాంగ్రెస్, దాని స్టాండింగ్ కమిటీ చేసే చట్టాలు. ఆ కింద స్టేట్ కౌన్సిల్ ఇచ్చే పరిపాలన నియమావళి. తర్వాత ప్రావిన్సులు, నగరాల నిబంధనలు, మంత్రిత్వ శాఖల రూల్స్. ఈ మెట్లన్నీ 2000లో వచ్చిన శాసన నిర్మాణ చట్టంలో ఉన్నాయి. దాన్ని 2015లో, 2023లో సవరించారు.

ఈ మెట్ల కింద లెక్కలేనన్ని నోటీసులు, "అభిప్రాయాలు", జవాబు లేఖలు ఉంటాయి. పైన ఎర్ర అక్షరాలతో శాఖ పేరు ఉంటుంది కాబట్టి అక్కడి జనం వీటిని ఎర్రతల కాగితాలు అంటారు. మన జీవోలు గుర్తొస్తే తప్పు లేదు. ఆఫీసులో గుమాస్తా నడుచుకునేది వీటిని బట్టే. ప్రతి దానికీ ఒక నంబరు ఉంటుంది: జారీ చేసిన సంస్థ సంక్షిప్త నామం, బ్రాకెట్లో సంవత్సరం, తర్వాత వరుస సంఖ్య. ఆ నంబరు కాపీ చేసి సెర్చ్‌లో పెడితే అసలు పత్రం దొరుకుతుంది. పేరుతో వెతికితే ఒకే పేరున్నవి పది వస్తాయి.

పార్టీ కేంద్ర కమిటీ పత్రాలకు పై మెట్లలో చోటు లేదు. చట్టం కాదు, రూల్ కాదు. కానీ తర్వాతి ఐదేళ్లలో ఏ చట్టాలు వస్తాయో ముందే తెలియాలంటే చూడాల్సింది వాటినే. 1978 డిసెంబర్, 2013 నవంబర్, 2024 జులైలలో జరిగిన మూడో ప్లీనంల (ప్లీనం అంటే కేంద్ర కమిటీ పూర్తిస్థాయి సమావేశం, ప్రతి కొత్త కమిటీకీ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది) నిర్ణయాలు, 2014 అక్టోబర్ నాటి నాలుగో ప్లీనం నిర్ణయం దగ్గర పెట్టుకోండి. 2014 నాటిది చట్టబద్ధ పాలన మీదే. వ్యవసాయం మీద పనిచేసేవాళ్లకైతే 2004 నుంచి ఏటా వస్తున్న కేంద్ర నంబర్ 1 పత్రం, అంటే ఆ ఏడాది పార్టీ కేంద్రం ఇచ్చే మొదటి పత్రం, తప్పదు.

4. ఇప్పుడు చట్టం చదవండి, అదీ కింది నుంచి

ముందు ఆఖరి ఆర్టికల్. ఎప్పట్నుంచి అమలు, ఏ పాత చట్టాలు రద్దు అన్నది అక్కడుంటుంది. 2019 నాటి విదేశీ పెట్టుబడుల చట్టంలో 42వ ఆర్టికల్ చూడండి: 2020 జనవరి 1 నుంచి అమలు, పాత చట్టాలు మూడు రద్దు, పాత కంపెనీలు తమ నిర్మాణాన్ని మార్చుకోవడానికి ఐదేళ్ల గడువు. మొత్తం చట్టంలో కంపెనీల లాయర్లకు ఎక్కువ పని పెట్టింది ఈ ఒక్క ఆర్టికలే అనుకుంటాను.

తర్వాత వెతకాల్సింది, విషయాన్ని ఇంకెవరికో వదిలేసే వాక్యాలు. "నిర్దిష్ట విధానాన్ని స్టేట్ కౌన్సిల్ రూపొందిస్తుంది", "సంబంధిత చట్టాలు, నియమావళి ప్రకారం" అనేవి. మన ప్రశ్నకు జవాబు సరిగ్గా అలాంటి వాక్యంలోనే ఇరుక్కుని ఉంది. 2007 ఆస్తి చట్టం 149వ ఆర్టికల్, నివాస స్థలం హక్కు గడువు తీరితే దానంతటదే పొడిగింపు అంది. హమ్మయ్య అనుకుంటాం. డబ్బు కట్టాలా వద్దా? దాని గురించి ఒక్క ముక్క లేదు.

2016లో ఈ మౌనం వెన్‌జౌ నగరంలో బయటపడింది. అక్కడ 1990లలో కొన్ని ఫ్లాట్లకు 70 ఏళ్లు కాకుండా 20 ఏళ్లకే హక్కు ఇచ్చారు. గడువు తీరింది. ఫ్లాట్ అమ్ముదామని వెళ్లినవాళ్లకు, స్థలం హక్కు పొడిగింపుకు భారీగా కట్టాల్సి రావచ్చని తెలిసింది. దేశమంతా గగ్గోలు. ఆ ఏడాది డిసెంబర్‌లో భూ వనరుల మంత్రిత్వ శాఖ, వెన్‌జౌ ఉన్న జెజియాంగ్ ప్రావిన్స్‌కు ఒక జవాబు లేఖ పంపింది: పొడిగింపుకు దరఖాస్తు అక్కర్లేదు, ఫీజు వసూలు చేయరు, అమ్మకాలు మామూలుగా జరగనివ్వండి. బరువులో అది అట్టడుగు కాగితం. ఆ కుటుంబాల సమస్యను అప్పటికి తీర్చింది అదే.

తర్వాత 2020 మే 28న 1,260 ఆర్టికల్స్‌తో సివిల్ కోడ్ ఆమోదం పొందింది, 2021 జనవరి 1 నుంచి అమలు. ఆస్తి చట్టం అందులో కలిసిపోయింది. 359వ ఆర్టికల్‌లో పాత వాక్యం అలాగే ఉంది, దానికి ఇంకో ముక్క కలిసింది: పొడిగింపు ఫీజు కట్టడం గానీ, తగ్గించడం, మాఫీ చేయడం గానీ చట్టాలు, పరిపాలన నియమావళి ప్రకారం జరుగుతుంది. కోడ్ ఆమోదం పొందేనాటికి అలాంటి నియమావళి లేదు. అంటే ఆ వాక్యం ఖాళీ చోటును చూపిస్తోంది. సివిల్ కోడ్‌ను మొదటి పేజీ నుంచి చదివినవాళ్లు "దానంతటదే పొడిగింపు" దగ్గర గీత గీసి ముందుకెళ్లిపోతారు. మీరు ఆ రెండో ముక్క దగ్గర ఆగాలి.

5. పద్ధతి ఎక్కడ మారిందో గమనించండి

షెన్‌జెన్ లాగా చట్టాన్ని దాటి ముందుకెళ్లడమే చైనా పద్ధతి అని ఇప్పటికీ రాసేస్తుంటారు. ఆ మాట ఇప్పుడు పాతబడింది. 2013 నుంచి ప్రయోగాలకు కూడా ముందస్తు అనుమతి తీసుకోవడం పెరిగింది. ఆ ఏడాది షాంఘై ఫ్రీ ట్రేడ్ జోన్ కోసం విదేశీ పెట్టుబడుల చట్టాల్లోని కొన్ని నిబంధనలను అక్కడి వరకు స్టాండింగ్ కమిటీ తాత్కాలికంగా నిలిపేసింది. 2015 ఫిబ్రవరిలో గ్రామీణ భూముల మీద 33 కౌంటీల్లో ప్రయోగానికి అలాగే అనుమతి ఇచ్చింది. 2019లో భూ పరిపాలన చట్టం సవరించి, గ్రామస్థుల ఉమ్మడి యాజమాన్యంలో ఉన్న వాణిజ్య స్థలాలను నేరుగా మార్కెట్లోకి తేవడానికి వీలు కల్పించారు.

అనుమతి వచ్చినంత మాత్రాన ప్రయోగం జరిగిపోతుందనీ అనుకోకండి. 2021 అక్టోబర్‌లో ఇళ్ల మీద ఆస్తి పన్ను ప్రయోగానికి ఐదేళ్ల అనుమతి ఇచ్చారు. 2022 మార్చికల్లా, విస్తరించడానికి ఈ ఏడాది పరిస్థితులు అనుకూలంగా లేవని ఆర్థిక శాఖ తేల్చేసింది. జరగనివాటికీ మీ షీట్‌లో ఒక వరుస ఉండాలి.

6. అంకెలు: యూనిట్ దగ్గరే సగం తప్పులు

ఈ ఒక్క చోట తెలుగువాళ్లకు లాభం. చైనీస్‌లో వాన్ అంటే పది వేలు, యి అంటే పది కోట్లు, వాన్‌యి అంటే సరిగ్గా లక్ష కోట్లు. మిలియన్లు, బిలియన్ల మీదుగా చుట్టు తిరగకుండా సూటిగా లక్షల కోట్లలోకి మార్చుకోండి. 2021లో స్థలాల హక్కుల అమ్మకం మీద ప్రభుత్వాలకు వచ్చింది సుమారు 8.7 లక్షల కోట్ల యువాన్లు. 2024కి అది 4.87 లక్షల కోట్లకు పడిపోయింది. షెన్‌జెన్‌లో 52.5 లక్షలతో మొదలైన వ్యవహారం ఎక్కడిదాకా వెళ్లిందో, ఎలా జారిందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

కానీ ఈ అంకెలతో రెండు జాగ్రత్తలున్నాయి. ఇవి సాధారణ బడ్జెట్‌లో ఉండవు, "ప్రభుత్వ నిధుల బడ్జెట్" అని వేరే పద్దులో ఉంటాయి. సాధారణ ఆదాయ పట్టిక ఒక్కటే చూస్తే అసలు కనబడవు. రెండోది, ఇది మొత్తం రాబడే తప్ప మిగులు కాదు. రైతులకు పరిహారం, పాత కట్టడాల తొలగింపు, స్థలం చదును ఖర్చు అందులోంచే పోవాలి. "స్థానిక ప్రభుత్వాల ఆదాయంలో ఇంత శాతం భూమిదే" అనే ప్రతి వాక్యం దగ్గరా ఏది దేనితో భాగించారో అడగండి. పేరున్న జర్నళ్లలో కూడా అడగండి.

కారణాల విషయంలో అందరూ 1994 పన్నుల పంపకం సంస్కరణను చూపిస్తారు. 1993లో మొత్తం బడ్జెట్ ఆదాయంలో కేంద్రం వాటా 22 శాతం, మరుసటి ఏడాది 55.7 శాతం. పన్నులు పైకి, బాధ్యతలు కిందనే, అందుకే నగరాలు భూమి మీద పడ్డాయని వాదన. బాగానే ఉంది, కానీ పూర్తి కథ కాదు. కేంద్రం తీసుకున్నదాంట్లో చాలా భాగాన్ని మళ్లీ కిందికి పంపుతుంది. భూమి రాబడి ఎగబాకింది కూడా 1994లో కాదు, 2000ల్లో. ఇళ్ల కేటాయింపు ఆపేసి మార్కెట్‌కు వదిలిన 1998 నిర్ణయాన్ని పక్కన పెట్టుకోకపోతే లెక్క తేలదు.

గణాంకాలన్నీ అబద్ధాలని కొట్టిపారేయొద్దు, కళ్లు మూసుకుని వాడొద్దు. మొదటి ఆర్థిక గణన తర్వాత 2004 జీడీపీని 16.8 శాతం పెంచి సరిచేశారు. లియావోనింగ్ ప్రావిన్స్ 2011 నుంచి 2014 దాకా ఆదాయం లెక్కలు పెంచి చూపించామని 2017లో స్వయంగా ఒప్పుకుంది. యువత నిరుద్యోగం 2023 జూన్‌లో 21.3 శాతానికి చేరాక ఆ అంకె విడుదల చేయడం ఆపేశారు. 2024 జనవరిలో విద్యార్థులను మినహాయించే కొత్త పద్ధతితో మళ్లీ మొదలుపెట్టారు. పాతా కొత్తా కలిపి ఒకే గీతగా గీస్తే మీ చార్ట్ చెల్లదు.

7. ఎక్కడ వెతకాలి

చట్టాల అసలు పాఠం కోసం జాతీయ ప్రజా కాంగ్రెస్ నడిపే జాతీయ చట్టాల డేటాబేస్ ఉంది, 2021లో మొదలైంది, ఉచితం. ఇంగ్లీషులో ముసాయిదాల కబుర్లకు ఎన్‌పీసీ అబ్జర్వర్, అనువాదాలకు చైనా లా ట్రాన్స్‌లేట్ మంచివి. పెకింగ్ యూనివర్సిటీ వాళ్ల డేటాబేస్‌కు డబ్బు కట్టాలి, మీ లైబ్రరీకి సబ్‌స్క్రిప్షన్ ఉందేమో అడగండి. చైనీస్ పరిశోధన పత్రాలకు సీఎన్‌కేఐ అనే డేటాబేస్. 2023 ఏప్రిల్ నుంచి థీసిస్‌ల లాంటి కొన్ని విభాగాలు విదేశాల వాళ్లకు అందకుండా చేశారు. (గుత్తాధిపత్యం మీద పనిచేసేవాళ్లకు ఆ సంస్థే ఒక కేసు: 2022 డిసెంబర్‌లో దానికి 8.76 కోట్ల యువాన్ల జరిమానా పడింది.)

కోర్టు తీర్పుల దగ్గర మాత్రం ఆశ తగ్గించుకోండి. 2013లో మొదలైన తీర్పుల వెబ్‌సైట్‌లో 2020కల్లా పది కోట్లకు పైగా పత్రాలు చేరాయి. ఆ తర్వాత కొత్తగా ఎక్కించడం బాగా తగ్గింది, లాగిన్‌కు ఫోన్ నంబరు కావాలి. 2024లో సుప్రీం పీపుల్స్ కోర్టు ఏరిన కేసులతో వేరే భాండాగారం తెరిచింది. ఏరినవి అన్న మాట మర్చిపోకండి. "ఇన్ని వేల తీర్పుల్లో ఇంత శాతం" అని రాసేముందు, ఎక్కించనివి ఎన్నో మీకు తెలియదని మెథడాలజీలో ఒప్పుకోండి.

ఇక భాష. కాలక్రమం, అంకెలు, చట్టాల పాఠం వరకు అనువాదాలతో నడుస్తుంది. మాస్టర్స్ డిసర్టేషన్‌కు అది చాలు. వెన్‌జౌ జవాబు లేఖ లాంటి కింది కాగితాలు, స్థానిక నోటీసులు ఇంగ్లీషులోకి సాధారణంగా రావు. పీహెచ్‌డీ చేయాలంటే చైనీస్ చదవడం నేర్చుకోవాల్సిందే, దానికి అడ్డదారి లేదు. మాట్లాడటం తర్వాత చూసుకోవచ్చు.

8. మన దగ్గరి విషయంతో పోల్చేముందు

2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు పలికినప్పుడు, ఇదీ చైనా మోడలే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రభుత్వం భూమి వేలం వేసి ఖజానా నింపుకోవడం వరకు పోలిక నిలబడుతుంది. ఆ తర్వాత నిలబడదు. అక్కడి కొనుగోలుదారుకు దక్కేది గడువున్న వాడకపు హక్కు, యాజమాన్యం ఎప్పటికీ ప్రభుత్వానిదే. నగరాల్లో కొత్తగా ఇచ్చే స్థలాల సరఫరా దాదాపు పూర్తిగా స్థానిక ప్రభుత్వం చేతిలో ఉంటుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వం ఒక అమ్మకందారు మాత్రమే, పక్కనే వందలమంది ప్రైవేటు యజమానులుంటారు. పోల్చాలనుకుంటే వేలం ధరలను కాకుండా, వేలం డబ్బు ఏ పద్దులోకి వెళ్తుంది, ఎవరి అనుమతితో ఖర్చవుతుంది అన్నది పోల్చండి.

ఫుట్‌నోట్‌లో ప్రతి పత్రానికీ జారీ చేసిన సంస్థ, నంబరు, ఆమోదించిన తేదీ, అమల్లోకి వచ్చిన తేదీ, మీరు చదివింది ఏ సవరణ తర్వాతి పాఠమో రాయండి. పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి, అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లలో లింకులు చెప్పాపెట్టకుండా మాయమవుతుంటాయి. ప్రపోజల్ గైడ్‌కు పంపేముందు మీ ఎక్సెల్ షీట్ మరోసారి తెరవండి. "తర్వాత ఏం మారింది" అన్న గడి ఏ వరుసలో ఖాళీగా ఉందో చూసి, మీ ప్రశ్నను ఆ వరుస మీద తిరగరాయండి.